అండాలు రెండో మాట

మూడు నిమిషాలని ఎవరు నిర్ణయించి ఉంటారు, మనిషి చెప్పుకోవాల్సింది మూడు నిమిషాల్లో అయిపోతుందని ఏ ఆఫీసులో ఎవరికి తోచి ఉంటుంది, నా చేతిలో చీటీ మీద నలభై ఒకటి, మైకు దగ్గర ముప్పై ఎనిమిది, షామియానా కింద ఆఫీసర్లు, వాళ్ల పక్కన మందుల ఫ్యాక్టరీవాళ్లు, ఫ్యాక్టరీ ఇంకా పెంచుతారట, దానికి ఊరి అభిప్రాయం కావాలట, అభిప్రాయం, మా బాపుకు ఈ మాటే తెలియదు, తను నేసిన చీరలు దొర గడీకి మోసుకుపోయి అతని ముందు నోటికి కండువా అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడు, తన ఊపిరి దొరకు తగలకూడదట, దొర పోయాడు, గడీ కూలింది, బాపు చెయ్యి మాత్రం కండువాను వదల్లేదు, బస్సు కండక్టరు ముందు కూడా అంతే, భయం ఒంట్లోంచి ఎన్నేళ్లకు పోతుందో ఎవరైనా లెక్క తీశారా, మా బడిలో సారు హక్కుల పాఠం దాకా వచ్చి ఆగాడు, ఎమర్జెన్సీ ఏడాది అది, గా పాఠం ఈసారి పరీక్షల రాదు, ఇడ్సిపెట్టుండ్రి అన్నాడు, ఎందుకు రాదని అడగబుద్ధయింది, అడగలేదు, తెలంగాణ కోసం మాత్రం రోడ్డు మీద గొంతు పోయేలా అరిచాను, వెయ్యిమందిలో అరవడం తేలిక, ఇవాళ ఈ గుంపులో నా ముందు నిలబడ్డ జంగయ్య వెనక్కి తిరిగి నవ్వాడు, ఏం బావా, ఇయ్యాల మైకు ఎవడు గుంజుకుంటడో సూద్దాం.

అతను నవ్వడానికి కారణం ఉంది, ఏడేళ్లుగా నేను చెప్పేది అదొక్కటే, తెలంగాణ వచ్చిన మూడేళ్లకు ఇదే జాగాలో ఇదే ఫ్యాక్టరీకి మొదటి సభ పెట్టారు, నా భార్య అండాలు లేచి మైకు పట్టుకుంది, రెండు మాటలున్నయి సారు అంది, ఒకటి చెప్పింది, బాయినీళ్లల్ల నూలు ముంచితే ఎరుపు పడ్తలేదు, నల్లగైతాంది అని, రెండోది చెప్పేలోపు ఆఫీసర్లు మైకు గుంజుకున్నారు, హోటల్లో చెప్పాను, చేనేత సంఘంలో చెప్పాను, ఆమె పోయినప్పుడు దశదినకర్మకు వచ్చినవాళ్లకూ చెప్పాను, ఇవాళ వాళ్ల మొహం మీదే చెప్పాలని సమాచార హక్కు కింద అర్జీ పెట్టి పాత సభ కాగితాలు తెప్పించాను, నిన్న వచ్చాయి, చదవలేదు, అబద్ధం చదివేదేముంది, కానీ ఎట్లా రాసి ఉంటారో, అబద్ధాన్ని సర్కారు తెలుగులో ఎట్లా రాస్తారో చూడాలనిపించి జేబులోంచి తీశాను, పద్దెనిమిదో వక్త అండాలు, చేనేత, రెండు విషయాలు చెబుతానన్నారు, బావి నీటికి రంగు పట్టడం లేదన్నారు, భర్త కొంగు పట్టి లాగి కూర్చోబెట్టినందున రెండో విషయం నమోదు కాలేదు.

ఎవడు రాశాడిది, ఏ గుమాస్తా, ఎక్కడ కూర్చుని చూశాడు, అబద్ధం అనబోయాను, కానీ ఆ కొంగు గుర్తుకొచ్చింది, నేనే నేసిన చీర, అంచు నా వేళ్లకు తెలుసు, ఆ రోజు నా వెనక నుంచి సంఘం అధ్యక్షుడు బాలయ్య అన్నాడు, మొగోడు కూసున్నడు, ఆడిది మాట్లాడవట్టె, నలుగురు నవ్వారు, నా చెయ్యి లేచింది, మైకు ఆమె చేతిలోంచి జారాకే ఎవరో తీసి పక్కవాడికి ఇచ్చారు, ఇంటికొచ్చి ఆమె ఆసు చట్రం ముందు కూర్చుని మేకుల చుట్టూ నూలు పోసింది, చెయ్యి అటూ ఇటూ, అటూ ఇటూ, జంగయ్య అడుగుతున్నాడు, ఏం రాసిన్రు బావా, గుంజుకున్నమని ఒప్పుకున్నరా, కాగితం మడిచాను, రెండో మాట ఏమై ఉంటుంది, ఆసు పోసీ పోసీ పడిపోయిన భుజం గురించా, బోరునీళ్ల వాసన గురించా, నా గురించా, నా గురించే అయితే ఆ సభలో ఎందుకు చెబుతుంది, ఇంట్లో చెప్పే వీలు లేకనా, ఆ తర్వాత మూడేళ్లు బతికింది, నా మగ్గానికి నాలుగడుగుల దూరంలో, అక్కడ ఆఫీసరు లేడు, చీటీ లేదు, మూడు నిమిషాల లెక్క లేదు.

నలభై ఒకటి, వెంకటరాజం, అని పిలిచారు, గట్టిగ అడుగు బావా అన్నాడు జంగయ్య, మైకు చల్లగా ఉంది, కండువా అంచు ఎప్పుడు నోటి దాకా వచ్చిందో తెలియదు, దించాను, రెండు మాటలున్నయి సారు అన్నాను, ఒకటి అండాలుది, ఆ నీళ్ల మాట, ఇంకా అట్లనే ఉన్నది, రెండోది నాది, అప్పుడు మైకు మీరు గుంజలేదు, ఆమె నోరు మూసింది నేను, ఆమె రెండో మాట ఏందని మూడేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.