మూడు నొక్కులు

చెయ్యి మూడుసార్లు నొక్కితేనే కాలు కదపాలి. బడికి నడిచివెళ్లే దారిలో అమ్మమ్మ పెట్టిన చట్టం అది.

ఇంటి నుంచి బడికి పట్టుమని పది నిమిషాల నడక కూడా కాదు. మెట్లు దిగి, ఇస్త్రీ కొట్టు దాటి, మందుల షాపు మూల తిరిగితే పెద్ద రోడ్డు. అది దాటితే బడి గేటే. అయినా అమ్మమ్మకీ మనవరాలికీ అరగంట పట్టేది. ఆలస్యమంతా ఆ రోడ్డు దగ్గరే.

మనవరాలికి ఆరేళ్లు. ఒక్కచోట కాలు నిలవదని ఇంట్లో దాన్ని ఉడత అంటారు. అలాంటి ఉడత కూడా రోడ్డు అంచుకు రాగానే బొమ్మలా నిలబడిపోయేది. వచ్చేపోయే బళ్లకేసి చూసేది కాదు. ధ్యాసంతా అమ్మమ్మ అరచేతిలోనే. మూడో నొక్కు పడగానే ఇద్దరూ ఒక్కసారే కదిలేవాళ్లు. రోడ్డు మధ్యలో డివైడరు గట్టు దగ్గర ఆగి, మళ్లీ మూడు నొక్కులు.

అమ్మమ్మ ముప్పై ఏళ్లు టైలరు దుకాణానికి కాజాలు కుట్టింది. సూది పట్టీ పట్టీ బొటనవేలూ చూపుడువేలూ పట్టకారులా బిగుసుకుపోయాయి.

"నువ్వు నొక్కితే నొప్పిగా ఉంటుంది అమ్మమ్మా."

"నొప్పిగా ఉంటేనే గుర్తుంటుంది. నడువు."

కాజాల రోజుల్లో తన కూతుర్ని ఒక్కనాడూ బడికి తీసుకెళ్లలేదు. పొద్దెక్కేలోపు చొక్కాలు అప్పజెప్పాలి. ఎదురింటి పిల్లల వెంట పంపేసేది. కూతురు గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపితే, పెదాల మధ్య సూది పెట్టుకుని తల మాత్రం ఆడించేది. ఒకరోజు ఆ పిల్లలు వచ్చారు, కూతురు రాలేదు. రెండు గంటలు వెతికితే ఏదో సందులో ఒకరి అరుగు మీద కూర్చుని కనిపించింది. ఆ రెండు గంటలు అమ్మమ్మ గుండెల్లోంచి ఇవాళ్టికీ పోలేదు. అందుకే ఉడత చెయ్యి దొరికాక ఇక వదలకూడదనుకుంది.

కూతురు బేకరీలో పనిచేస్తుంది. తెల్లవారకముందే వెళ్లిపోతుంది. ఒక బుధవారం అమ్మమ్మకు ఒళ్లు కాలిపోయే జ్వరం వస్తే, షిఫ్టు మార్చుకుని తనే ఉడతను బడికి తీసుకెళ్లింది. గంటలో తిరిగొచ్చి, చెప్పులైనా విప్పకుండా మంచం ముందు నిలబడింది.

"దానికేం నేర్పావమ్మా?"

"ఏమైందే?"

"గట్టు దాటాక బ్యాగు జారుతోందని చెయ్యి వదిలాను. పక్కనే వస్తోందనుకున్నా. అవతలికి చేరి చూస్తే అది రోడ్డు నడిమధ్య నిలబడి ఉంది. రమ్మంటే రాదు. చెయ్యి ఇలా చాపుకుని అలాగే నిలబడింది. పాల వ్యాను జానెడు దూరంలో ఆగిందమ్మా. ఆ డ్రైవరు నన్ను తిట్టని తిట్టు లేదు."

"దెబ్బ..."

"ఏం తగల్లేదు. ఎందుకు రాలేదే అంటే, నువ్వు నొక్కలేదుగా అంది."

అమ్మమ్మ లేచి దుప్పటి అంచు పట్టుకుని కూర్చుంది.

"సోమవారం నుంచి స్కూలు వ్యానులో పంపుతాను" అంది కూతురు.

"రెండు రోజులు ఆగు తల్లీ. నేర్పింది నేను, మాన్పించేదీ నేనే. ఆ పొద్దుటి నడకొక్కటే నాకు మిగిలింది."

"నన్ను తీసుకెళ్లడానికి నీకు తీరిక లేకపోయింది. దాన్నేమో వదిలిపెట్టవు" అనేసి కూతురు తల తిప్పుకుంది. చెప్పులు విప్పుతూ తనే మళ్లీ అంది. "సరే. రేపూ ఎల్లుండీ. పిల్లే చూసుకుని దాటాలి, నువ్వు పక్కన నడువు చాలు. బెల్లుకు ముందే గేటు లోపల ఉండాలి. బడి నుంచి నాకు ఫోనొచ్చిందంటే మాత్రం ఇక అడగకు."

గురువారానికి జ్వరం దిగింది. రోడ్డు అంచున ఉడత అటూ ఇటూ చూసింది. "ఇప్పుడా?"

"నువ్వే చెప్పాలి."

"నువ్వు చెప్పు."

"నేను చెప్పకూడదే."

నువ్వంటే నువ్వని వాదించుకుని, బెల్లు మోగుతుండగా గేటు చేరారు. పిల్లలంతా గేటు తాత అని పిలిచే వాచ్‌మన్ సగం మూసిన తలుపు పట్టుకుని నవ్వాడు. "ఏమ్మా, ఇవాళ రోడ్డు మీకు పర్మిషన్ ఇవ్వలేదా?"

ఆ సాయంత్రం అమ్మమ్మ ఇంట్లోనే రోడ్డు వేసింది. స్టూళ్లు బస్సులు, చెప్పులు స్కూటర్లు. తనే స్టూలు తోసుకుంటూ "పాం పాం" అంటూ వచ్చింది. ఉడత వంటింటి గుమ్మంలో నిలబడి, రెండువైపులా చూసి, "ఇప్పుడు" అని మంచం దాకా దాటింది. పదిసార్లు దాటితే పదిసార్లూ సరిగ్గానే. "నీ బస్సు స్లో అమ్మమ్మా" అని వెక్కిరించింది కూడా. అమ్మమ్మకు ప్రాణం లేచొచ్చింది.

శుక్రవారం బెల్లుకు ఇంకా పది నిమిషాలుండగానే రోడ్డు దగ్గరున్నారు. ఉడత చూసింది, ఆగింది, ఒక కారును పోనిచ్చింది.

"ఇప్పుడు" అంది.

నిజమే, రోడ్డు ఖాళీ. ఎక్కడో దూరంగా ఒక బస్సు చీమంత కనబడుతోంది. ఉడత కాలెత్తింది. అమ్మమ్మ దాన్ని చటుక్కున వెనక్కి లాగింది.

"బస్సొస్తోంది."

"అది చాలా దూరం అమ్మమ్మా."

"తెలుసు. ఈసారి వెళ్దాం."

రెండోసారి "ఇప్పుడు" అంది. మళ్లీ లాగింది. మూడోసారీ అంతే. స్టూలు తోసినప్పుడు ఈ భయం లేదు. ఈసారి తప్పకుండా అడుగేద్దామనుకుంటూ పిల్ల ముఖంలోకి వంగి చూసింది.

నాలుగోసారి ఉడత ఏమీ అనలేదు. రోడ్డుకేసి చూడ్డం మానేసింది. తన చెయ్యి అమ్మమ్మ అరచేతిలో సర్ది, తల వంచుకుని నిలబడింది, నొక్కులకోసం.

అవతల బెల్లు మోగి ఆగిపోయింది. ఏం చెయ్యాలో తోచక అమ్మమ్మ మూడుసార్లు నొక్కింది. దాటారు. గేటు మూసి ఉంది. గేటు తాత ఈసారి నవ్వలేదు. "ఫోను చెయ్యమన్నారమ్మా" అన్నాడు.

ఆ రాత్రి కూతురు "వ్యాను ఏడున్నరకి" అంది, అన్నం వడ్డిస్తూ.

సోమవారం వ్యాను గుమ్మం ముందే ఆగింది. ఒక్కసారి చెయ్యి పట్టుకుందామని అమ్మమ్మ ముందుకొచ్చింది గానీ, ఉడత రెండు చేతులతో బ్యాగు పట్టీలు పట్టుకుని చెంగున ఎక్కేసింది. "అమ్మమ్మా, నాకు కిటికీ సీటు" అని లోపల్నుంచి అరిచింది. వ్యాను కదిలింది. ఈసారి పెదాల మధ్య సూది లేదు. అయినా తలే ఆడించింది.

ఇంట్లో కాలు నిలవలేదు. రోజూ బయల్దేరే వేళకే మెట్లు దిగింది. ఇస్త్రీ కొట్టు, మందుల షాపు, రోడ్డు. ఎవరో కారతను ఆపి వెళ్లమని చెయ్యి ఊపాడు. దాటేసింది. గట్టు దగ్గర కూడా ఆగలేదు.

"ఇవాళ ముందే వచ్చారే" అన్నాడు గేటు తాత. "పిల్లేదమ్మా?"

"వ్యానులో వచ్చుంటుందన్నయ్యా."

"అవునవును, వచ్చింది. మరి మీరు?"

"ఏం లేదు. ఊరికే."

బెల్లు మోగాక లోపల పిల్లలంతా ఏదో ఒక్క గొంతుతో చదవసాగారు. అందులో ఉడత గొంతేదో పోల్చుకోవాలని కాసేపు నిలబడింది. తెలియలేదు. ఇక ఇటువైపు పనేమీ లేదు. మళ్లీ రోడ్డు అంచుకొచ్చి, అటూ ఇటూ చూసి, దాటడానికి నిలబడింది.