వదిన గుప్పిట్లో చల్లదనం

పొద్దున్నే టీకాల గది తాళం తీసేది మా వదినే. ముందు నేల తుడిచేది, తరవాత బల్ల, ఆ తరవాత పిల్లల్ని పడుకోబెట్టే రెగ్జిన్ పరుపు. అన్నీ ఒంటిచేత్తోనే. ఎడం గుప్పిట ముడుచుకునే ఉండేది, అందులో మందు సీసాలు కదా. ఈలోగా నర్సమ్మ వచ్చేది. చెప్పులు గుమ్మం బయట విడిచి, "కూర్చో ఆయమ్మా, ఇంక చాల్లే" అనేది. వదిన మూలనున్న స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో తెల్ల తువ్వాలు పరుచుకుని దోసిలి పట్టేది. నర్సమ్మ కావలసిన సీసా తీసుకుని సూదిలోకి ఎక్కించుకుని, మళ్ళీ ఆ దోసిట్లోనే పెట్టేసేది.

వదిన చేతులు మంచుగడ్డల్లా ఉండేవి మరి. గదిలో ఫ్రిజ్జుండేది, ఉండీ ఏం లాభం, దాని మోటారు ఎప్పుడో పోయింది. తలుపు తీస్తే లోపల నర్సమ్మ గొడుగు, అన్నం డబ్బా. మందు మాత్రం వదిన దగ్గర. రాత్రి ఇంటికొచ్చినా గుప్పిట్లోనే. మా అన్నయ్య ముద్దలు కలిపి నోట్లో పెట్టేవాడు. "పెళ్ళాన్ని తెచ్చుకున్నాననుకుంటే, చంటిపిల్లని తెచ్చుకున్నట్టుంది" అనేవాడు. వదినకి నవ్వొచ్చేది, ఆపుకునేది.

ఆపుకోవాలి మరి. నవ్వితే చేతులు వెచ్చబడతాయి, మందు పాడైపోతుంది. సీసా మీద ఒక తెల్ల చదరం ఉంటుంది, వేడి తగిలితే నల్లబడుతుంది, నల్లబడ్డ మందు పిల్లలకి వెయ్యకూడదు. పోనీ ఏడుద్దామా అంటే, ఏడిస్తే చేతులు మరీ చల్లబడిపోయి మందు గడ్డకట్టేది. గడ్డకట్టినా పారబొయ్యాల్సిందే. అందుకని వీధిలో అందరూ వదినతో జాగ్రత్తగా మాట్లాడేవాళ్ళు.

"ఆయమ్మా, మావాడికి పన్నొచ్చింది చూడు!" అని ఎవరైనా కొత్త తల్లి అంటే నర్సమ్మ కసిరేది.

"ఆవిడకి చెప్పకే, మురిసిపోతుంది. నాకు చెప్పు, నేను మురుస్తాను."

"మా అత్త జారిపడిందమ్మా..."

"అదీ చెప్పకు. బస్సు సంగతి చెప్పు, వానొస్తుందో రాదో చెప్పు."

అలా వానలూ బస్సులతోనే ఏళ్ళు గడిచిపోయాయి వదినకి.

ఆ చల్లదనం పుట్టుకతో వచ్చింది కాదు. వదినకి మొదట ఒక కొడుకు. టీకాకని చంకనేసుకెళితే, "సరుకు రాలేదు, పైనుంచి డబ్బు రాలేదు, వచ్చేవారం రండి" అన్నారు. ఆ వారంలోనే పిల్లాడికి గొంతులో పొరకట్టేసింది. ఊపిరాడక వదిన చెయ్యి పట్టుకునే పోయాడు. వాడి చేతిలోని చల్లదనం వదిన చేతుల్లోకి వచ్చి, ఇంక పోలేదు. అప్పుడే అదే టీకాల గదికెళ్ళి ఆయాగా చేరింది. తరవాత కూతురు పుట్టింది, నా మేనకోడలు. దాన్ని పెంచింది నేనూ అన్నయ్యానూ. వదిన పక్కన కూర్చుని చూసేది.

ఆ మేనకోడలికి కిందటేడు ఆడపిల్ల పుట్టింది. వదిన చూడ్డానికెళ్ళి, గుప్పిట ముడుచుకుని గుమ్మంలోనే నిలబడింది.

"పరాయిదానిలా నించున్నావేంటమ్మా? ఎత్తుకో, నీ మనవరాలే" అంది మేనకోడలు.

"ఎత్తుకుంటే ఆగలేనే. ఈ గుప్పిట్లో ఈ వీధి పిల్లలందరి మందూ ఉంది."

"నన్నూ అలాగే ఎత్తుకోలేదు. సరే, నాకు అత్తయ్యుంది. దీనికెవరున్నారు?"

వదిన గుప్పిట బిగించుకుని వెనక్కి తిరిగింది. ఏడుద్దామన్నా ఏడవడానికి లేదు.

మర్నాడు వదినే అంది, "నర్సమ్మా, ఆ ఫ్రిజ్జు సంగతి మళ్ళీ ఒకసారి అడుగుదాం" అని. ఇద్దరూ మునిసిపల్ ఆఫీసుకెళ్ళారు. డబ్బు మంజూరు చేసే ఆయన్ని అందరూ బడ్జెట్ సారు అనేవాళ్ళు. చెడ్డవాడేం కాదు. ఇద్దరికీ కుర్చీలు వేయించి, టీ తెప్పించాడు.

"ఈవిడ చేతులు బానే పనిచేస్తున్నాయి కదమ్మా" అన్నాడు నర్సమ్మతో.

"పనిచేస్తున్నాయి సార్. అందుకే అడుగుతున్నాం."

"కాలవల్లో పూడిక తియ్యాలి, దీపాలు లేని వీధులున్నాయి. నడుస్తున్నదానికి డబ్బివ్వమంటే పైవాళ్ళు నన్నే అడుగుతారు. ఆగిపోయినవాటికే చాలట్లేదు."

"అయితే ఆగిపోవాలా సారూ?" అంది వదిన. ఆయన నవ్వేసి టీ తాగమన్నాడు.

నెలా పదిహేను రోజులకి మనవరాలికి టీకా వేసే రోజొచ్చింది. మేనకోడలు పిల్లనెత్తుకుని వరసలో నిలబడింది. తల్లి వైపు చూడలేదు. నర్సమ్మ ఏమనుకుందో ఏమో, "నువ్వు చివర్న రామ్మా" అంది. అందరికీ అయింది. చివర్న ఈ పిల్ల. సూది దిగిందో లేదో, అబ్బో, ఆ ఏడుపు! మేనకోడలు భుజాన వేసుకుంది, ఊపింది, పాలిచ్చింది, ఆగదే. పిల్ల మొహం కందిపోయింది. మేనకోడలు కూడా ఏడవడం మొదలెట్టింది.

వదిన దోసిట్లోకి చూసుకుంది. లేచి, సీసాలన్నీ ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది.

"ఇవి నువ్వు చూసుకో నర్సమ్మా. నావల్ల కాదు."

నర్సమ్మ వద్దనలేదు. వదిన రెండు చేతులూ చాచి మనవరాల్ని అందుకుంది. చల్లటి చేతులు తగిలేసరికి పిల్ల ఒక్కసారి ఉలిక్కిపడి, నోరు మూసేసింది. అమ్మమ్మని చూసింది. సూది పొడిచిన తొడ మీద ఆ చల్లటి అరచెయ్యి హాయిగా ఉందేమో, అలాగే నిద్రపోయింది. వదిన చేతుల్లోంచి సన్నగా ఆవిరి లేచింది. తడిబట్ట ఎండలో వేస్తే లేస్తుందే, అలాగ.

సాయంత్రానికి చదరాలన్నీ నల్లబడ్డాయి. మర్నాడు పొద్దున్న వచ్చిన తల్లులకి నర్సమ్మ సీసాలు చూపించి, "ఆగిపోయిందమ్మా. ఇప్పుడెళ్ళి అడగండి" అంది. వాళ్ళెవరూ వదిన్ని ఒక్క మాట అనలేదు. పిల్లల్ని చంకనేసుకుని తిన్నగా మునిసిపల్ ఆఫీసుకెళ్ళి, మెట్ల మీద కూర్చున్నారు. పిల్లలు ఏడుపు లంకించుకుంటే లోపల ఫోన్లు వినపడలేదట.

మధ్యాహ్నానికి బడ్జెట్ సారు టీకాల గదికొచ్చాడు. వదిన స్టూలు మీదే ఉంది, ఒళ్ళో మనవరాలు. ఆయన చెమట తుడుచుకుని, ఎటో చూస్తూ అన్నాడు.

"మళ్ళీ చల్లబడే దారేమైనా ఉందామ్మా? అంటే... మీ అబ్బాయి పోయినప్పుడు చల్లబడ్డాయట కదా, అది ఒకసారి చెబితే..."

"సిగ్గు లేదా సార్?" అంది నర్సమ్మ.

"ఉందమ్మా. అందుకే మీ మొహం చూడలేకపోతున్నాను."

"అడగనీ నర్సమ్మా. ఇన్నేళ్ళలో వాడి సంగతి ఎవరడిగారు?" అంది వదిన. చెప్పింది. వాడి మొలతాడు గురించి చెప్పింది, పిల్లిని చూస్తే వాడు చప్పట్లు కొట్టడం చెప్పింది. "వచ్చేవారం రమ్మన్నారు సారూ. వాడు ఆగలేదు" అంది. చేతులు వెచ్చగానే ఉన్నాయి. ఆయనకే ఏడుపొచ్చి, ఏదో ధైర్యం చెప్పబోయి వదిన చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. వదిలాక చూస్తే ఆయన వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. నర్సమ్మ ముట్టుకు చూసింది, మంచుగడ్డలే.

"ఆయమ్మా, ఆ స్టూలు సారుకివ్వు" అంది.

కొత్త మందు తెప్పించారు. బడ్జెట్ సారు ఒళ్ళో తెల్ల తువ్వాలు పరుచుకుని దోసిలి పట్టాడు. తల్లులు వరసలో నిలబడి, "సారూ, వానొచ్చేలా ఉందండీ" అని పలకరించేవాళ్ళు. ఇంటిదగ్గర భార్య అన్నం కలిపి పెట్టింది. రాత్రి కూతురు బొమ్మ గీసి తెచ్చి, "నాన్నా, నువ్వే!" అని మీదకెక్కబోతే, "దూరంగా ఉండమ్మా" అన్నాడట. ఆ పిల్ల బొమ్మ కింద పెట్టేసి వెళ్ళిపోయిందట. ఆయన తెల్లారేదాకా ఆ బొమ్మనే చూశాడట.

పొద్దున్నే ఆఫీసుకెళ్ళి, ఎడం గుప్పిట్లో సీసాలు పెట్టుకుని కుడిచేత్తో సంతకం పెట్టాడు. ఫ్రిజ్జుకే కాదు, ఊళ్ళో ఉన్న టీకాల గదులన్నిటికీ, ఏటేటా రావాల్సిన మందుకీ. ఇన్నాళ్ళూ లేని డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందని ఎవరూ అడగలేదు. కొత్త ఫ్రిజ్జు జుయ్యిమనగానే ఆయన చేతులు మామూలైపోయాయి. నర్సమ్మకి నమస్కారం కూడా పెట్టకుండా ఇంటికి పరిగెత్తాడు.

వదిన ఆ తరవాత కూడా గది తుడిచేది, రెండు చేతుల్తోనూ. సూది పొడిపించుకున్న ప్రతి పిల్లనీ ఎత్తుకునేది. వానల సంగతి ఎవరైనా ఎత్తితే, "ఇంకేమన్నా చెప్పవే" అనేది.

మొన్న వదిన పోయింది. నిద్దట్లోనే. అన్నయ్య గోడకానుకుని కూలబడిపోయాడు. మేనకోడలు తల్లి దగ్గరికి రాలేక గుమ్మంలోనే ఆగిపోయింది, ఆ చేతులు మళ్ళీ చల్లగా ఉంటాయేమోనని దాని భయం. మనవరాలికి ఇప్పుడు నడకొచ్చింది. అదే వెళ్ళి అమ్మమ్మ చెయ్యి తీసుకుని తన బుగ్గకి ఆనించుకుంది. నేనూ వెళ్ళి పట్టుకు చూశాను.

ఒళ్ళంతా చల్లబడిపోయింది. చేతులు మాత్రం వెచ్చగా ఉన్నాయి.

"రావే" అన్నాను మేనకోడలితో. "వచ్చి పట్టుకో. ఇప్పుడేం కాదు."