బుధవారం ఫిర్యాదు

అక్కా తమ్ముడూ కలిసి మూడు హ్యాకథాన్లలో బహుమతి కొట్టారు. హ్యాకథాన్ అంటే ఒక పెద్ద హాల్లో రెండు రోజులు బల్లలకు అతుక్కుపోయి, ఏదో ఒక కొత్త వస్తువు తయారుచేసి, చివర్లో న్యాయనిర్ణేతల ముందు ఆడించి చూపించే పోటీ. మొదటిసారి వాళ్లు మొక్కకు దాహం వేస్తే ఫోన్‌కు కబురు పంపే కుండీ చేశారు. మొక్క నెల తిరక్కుండా ఎండిపోయింది. కబుర్లు మాత్రం ఇంకో రెండు నెలలు వచ్చాయి. రెండోసారి, కళ్లజోడు ఎక్కడ పెట్టి మరిచిపోయామో వెతికిపెట్టే చిన్న పెట్టె చేశారు. ఆ పెట్టె ఇప్పుడు ఇంట్లోనే ఎక్కడో ఉంది.

మూడోదాని పేరు ‘రెడీయా’. దర్జీకి ఇచ్చిన బట్టలు ఏ రోజుకు అవుతాయో ఇచ్చినవాళ్లకు ఫోన్లో చెప్పే యాప్. దీనికి హాలంతా చప్పట్లు కొట్టింది. వేదిక మీద తెరపై వేసిన ఫొటో వాళ్ల పిన్ని దుకాణానిది. ఆ సంగతి పిన్నికి చెప్పలేదు.

పిన్ని ముప్పై ఏళ్లుగా కత్తెర పట్టిన మనిషి. మాట కూడా అలాగే ఉంటుంది. ఫొటో ఎవరో ఆమెకు పంపారు. ఇద్దరినీ దుకాణానికి పిలిపించింది.

“ఫొటో బాగుంది. మరి ఇది నా ఫోన్లో ఎందుకు లేదు?”

“ఇంకా పూర్తి కాలేదు పిన్నీ,” అన్నాడు తమ్ముడు. “చూపించడానికి మాత్రం పనికొస్తుంది.”

“అంటే చేతులు కుట్టని చొక్కా తొడుక్కుని ఫొటో దిగారన్నమాట.” పిన్ని నోట్లోని గుండుసూది తీసి కాలరుకు గుచ్చింది. “రెండు రోజులు నిద్రపోకుండా చేస్తారు, ఆ తర్వాత ఆరు నెలలు నిద్రపోతారు. ఇదేం పనిరా?”

పిన్ని కత్తెర బల్లమీద పెట్టింది.

“బుధవారం పదకొండింటికి నా దగ్గరికెవరూ రారు. ఆ టైంకి రండి. నేనొక ఫిర్యాదు చెప్తాను. ఒక్కటే. మళ్లీ బుధవారానికి అది సరిచేసుకుని రావాలి. అరగంట దాటితే నేనే వెళ్లగొడతాను.”

అక్క ఆఫీసులో బుధవారం భోజన విరామం ముందుకు జరుపుకుంది. ఇంటి నుంచి పనిచేసే తమ్ముడు, తమ వీధిలో ఆ అరగంట నెట్ ఉండదని పైవాళ్లకు చెప్పాడు. వాళ్లు నమ్మారు.

మొదటి బుధవారం తమ్ముడు పదిహేడు కొత్త ఆలోచనలు రాసుకుని వెళ్లాడు. పిన్ని ఫోను చేయి చాచినంత దూరంలో పట్టుకుని, “అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పెద్దవి చెయ్యి,” అంది. అంతే, ఆ వారానికి పని అయిపోయింది. రెండో బుధవారం, వేళ్లకు సుద్ద ఉంటే నొక్కినచోట పడడంలేదంది. నొక్కే చోటును కోటు గుండీ అంత చేశారు. మూడో బుధవారం ఇంకొకటి అడిగింది.

“ప్రతి ఒక్కరికీ తేదీ రాయాలంటే నావల్ల కాదు. ‘రేపు’ అని ఒక గుండీ పెట్టండి. నొక్కేస్తాను.”

పెట్టారు. పిన్ని వారమంతా నొక్కింది. అప్పటిదాకా ఆమె నోటితో రేపు అంటే, బట్టలిచ్చినవాళ్లు తల ఊపి వారం తర్వాత వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ ‘రేపు’ అక్షరాల్లో వాళ్ల ఫోన్లలోకి వెళ్లింది. మర్నాడే వచ్చి నిలబడ్డారు. బస్సు డ్రైవరు ఒకాయన తన యూనిఫారం ప్యాంటు కోసం వచ్చి, ఫోను బల్లమీద పెట్టి, “ఇది మీరు పంపిందే కదమ్మా,” అని ఎంతో మర్యాదగా అడిగాడు. ప్యాంటు ఇంకా కత్తిరించనేలేదు.

“నోటి మాట వేరు, రాత వేరు,” అని నాలుగో బుధవారం పిన్ని విరుచుకుపడింది. “ఊళ్లో నా పరువు తీశారు.”

అక్క పిన్ని రసీదు పుస్తకం తిరగేసి లెక్క తీసింది. కిందటి నెలలో కుట్టి ఇచ్చిన బట్టలు నలభై ఒక్కటి. పిన్ని రేపు అన్న ప్రతిసారీ, సగటున ఆరు రోజులు పట్టింది. ఆ సాయంత్రమే అక్క చిన్న మార్పు చేసింది. పిన్ని ‘రేపు’ నొక్కితే, అవతలివాళ్లకు ఆరు రోజుల తర్వాతి తేదీ వెళ్తుంది. పిన్నికి చెప్పడానికి ధైర్యం చాలలేదు.

ఆ వారం ఎవరూ గొడవకు రాలేదు. పిన్నికి బెంగ పట్టుకుంది. జనమంతా వీధి చివరి దర్జీ దగ్గరికి మారిపోయారేమోనని రెండుసార్లు అటు నడిచి చూసి వచ్చింది. ప్యాంటుకు పిన్ని మళ్లీ ‘రేపు’ నొక్కిన ఆరో రోజు డ్రైవరు నవ్వుతూ వచ్చాడు. ప్యాంటు అప్పుడే ఇస్త్రీ అయింది. “భలే టైంకి చెప్పారమ్మా,” అంటూ ఫోను చూపించాడు. పిన్ని చదివింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

“నేను రేపు అన్నాను. మీరు మంగళవారం అన్నారు,” అంది ఫోన్లో. “దుకాణం ఎవరిదే? ఇంక మీ మొహాలు నాకు చూపించకండి.”

బుధవారం వచ్చింది. “కత్తెర విసిరేస్తుందే,” అన్నాడు తమ్ముడు.

“విసిరితే వంగుదాం. పద.”

పిన్ని తలెత్తలేదు. వాళ్లు బల్లమీద అరగంట కూర్చుని, లేచి వచ్చేశారు. తర్వాతి బుధవారమూ అంతే. ఈసారి వాళ్ల ఒళ్లో కుట్లు విప్పాల్సిన కోటొకటి పడేసింది. విప్పారు. మూడో బుధవారం మిషను ఆపి, తనలో తాను అనుకుంటున్నట్టుగా అంది.

“నిన్న సాయంత్రం ఆరింటికి దుకాణంలో ఎవరూ లేరు. ఇవ్వాల్సినవన్నీ ఇచ్చేశాను. ఏం చెయ్యాలో తోచక మిషనుకి నూనె వేశాను. కాసేపాగి మళ్లీ వేశాను.”



“మరి ఫిర్యాదు, పిన్నీ?” అంది అక్క.

“ఆరు రోజులెందుకు? నాకు ఐదు చాలు.”

ఆ తర్వాత పిన్నే వీధిలో ప్రచారం మొదలుపెట్టింది. రెండు దుకాణాల అవతల గడియారాలు బాగుచేసే పెద్దాయనతో యాప్ పెట్టించింది. పది రోజులకు ఆయన బుధవారం పదకొండింటికి సరిగ్గా వచ్చి, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

“నలభై ఏళ్లలో నేను ఒక్కరోజు ఆలస్యం చెయ్యలేదు. రేపంటే రేపే. మీవల్ల గడియారాలన్నీ ఐదు రోజులుగా నా దగ్గర పడున్నాయి. అన్నీ నడుస్తున్నాయి, తీసుకెళ్లేవాళ్లు లేరు. గంట గంటకీ అన్నీ ఒక్కసారే మోగుతున్నాయి. నాకు పిచ్చెక్కుతోంది.”

పిన్ని ఆలస్యాన్ని ఆయన నెత్తిన కూడా రుద్దామని అక్కకు అప్పుడు అర్థమైంది. తన నోట కాక మరొకరి నోట ఫిర్యాదు వినడం పిన్నికి ఎంత బాగుందో ఆమె మొహమే చెబుతోంది. “విన్నారుగా. ఎవరి రేపు వాళ్లది,” అంది.

ఆ వారం యాప్‌ను ఒక్కో దుకాణం ‘రేపు’ అంటే ఎన్ని రోజులో విడిగా నేర్చుకునేలా మార్చారు. ఆ పైవారం చెప్పులు కుట్టే ఆయన వచ్చాడు. ఆయన జన్మలో ఎవరికీ తేదీ చెప్పి ఎరగడు.

“మరేమంటారు మీరు?” అని అడిగాడు తమ్ముడు.

“చూద్దాం అంటాను.”

“సరిగ్గా ఎన్ని రోజులకి?”

ఆయన కాసేపు ఆలోచించాడు. “చూద్దాం.”

ఆయనకు ‘చూద్దాం’ అనే గుండీ పెట్టారు. నెలరోజులు గమనిస్తే చూద్దాం అంటే రెండు రోజులని తేలింది. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆయనే.

అలా ఏడాది గడిచింది. ఒక్క బుధవారం కూడా తప్పలేదు. ఒకసారి అక్కకు జ్వరం వస్తే, తమ్ముడు ఒక్కడే వెళ్లి ఫిర్యాదు తెచ్చాడు. దుకాణాలు అరవై మూడు అయ్యాయి. కంపెనీ నమోదు చేయించి, పిన్నికీ అందులో వాటా రాశారు. ముందు తమ్ముడు ఉద్యోగం మానేశాడు, నాలుగు నెలలకు అక్క మానేసింది. దుకాణం పై అంతస్తులో కిటికీ సరిగ్గా మూతపడని గది ఒకటి అద్దెకు తీసుకున్నారు.

తమ్ముడికి ఒక్కటే వెలితి. బుధవారం ఎవరూ చప్పట్లు కొట్టరు. ఆ మాట అక్కతో అంటే, “గుండీ పెద్దది చేస్తే చప్పట్లేమిట్రా,” అంది.

ఒకరోజు మధ్యాహ్నం బస్సులో అతని పక్క సీట్లో నడివయసు ఆవిడ కూర్చుంది. చేతిలో ఫోను గుర్రుమంది. అక్షరాలు పెద్దవిగా ఉండడంవల్ల పక్కనుంచే కనబడ్డాయి: మీ చెప్పులు సిద్ధం. ఆవిడ చటుక్కున లేచి, “ఇక్కడే దిగిపోతాను బాబూ, కాస్త జరుగు,” అంది. అతను జరిగాడు. తలుపు మూసుకున్నాక, ఆవిడ స్టాపు పక్కనున్న వంతెన మెట్లు దిగి పిన్ని దుకాణమున్న వీధిలోకి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. అతను దిగాల్సిన స్టాపు కూడా అదే. ఆ సంగతి గుర్తొచ్చేసరికి బస్సు మూడు స్టాపులు దాటిపోయింది.