ఊడ్చేసే జాబితాలో ముప్పై ఎనిమిదో పేరు

పది గంటల ఐదు నిమిషాలకు మృణ్మయి దేవస్థళి "సరే" బొత్తాం నొక్కింది. పది ఇరవై రెండుకు ఫోన్ మోగింది. ఆ మధ్యలో ఆమె ఒక ప్లేటు అటుకుల పోహా తిని, చేయి కడుక్కుని, పండగ పూట ఆఫీసు ఖాళీగా ఉంటే ఎంత హాయిగా ఉంటుందో అనుకుంది.

"మృణ్మయీ, మా జాబితా తెరుచుకోవడం లేదమ్మా." అందరూ తాయి, అంటే అక్క, అని పిలిచే నీలిమ గొంతు. కిడ్నీ మార్పిడులు చూసే ట్రస్టులో ఎవరి తర్వాత ఎవరన్న వరుస ఆవిడ చేతిలోనే ఉంటుంది. "పొద్దున ఒక కుటుంబం అవయవదానానికి ఒప్పుకుంది. రెండు కిడ్నీలు వస్తున్నాయి. పన్నెండింటికల్లా ఇద్దరిని పిలవాలి. ఎవరిని పిలవాలో ఆ జాబితాకే తెలుసు."

"ఒక్క నిమిషం తాయీ."

మృణ్మయి తెర మీద వెతికింది. ఆ జాబితా ఉండే ట్రస్టు మిషన్ ఆరిపోయి ఉంది. పక్కనే ఎర్ర అక్షరాలు: డిస్కు తుడిచివేత, 11:05.

ఆర్పించింది ఎవరో కాదు, తనే.

ఇలాంటి సంస్థల కంప్యూటర్ పనులు నడిపే వాళ్ళ కంపెనీలో అసలు సర్వర్లు అరవై. వాటిలో, ఒక పెద్ద భవనాన్ని వాటాలు వేసినట్టు, రెండు వేల వర్చువల్ మిషన్లు. అన్నిటినీ చేత్తో కట్టి చేత్తో కూల్చడం మనుషుల వల్ల కాదు. ఏయే మిషన్లు ఉండాలో ఒక ఫైల్లో రాస్తారు. రాసినదాన్ని ప్రోగ్రామే కడుతుంది, రాయనిది కనిపిస్తే అదే కూలుస్తుంది. ఆ కూల్చే భాగాన్ని ఆఫీసులో అందరూ చీపురు అనే అర్థంలో ఝాడూ అంటారు. ఝాడూ రోజూ పదింటికి ఒక జాబితా చూపించి, ఊడ్చేయనా అని అడుగుతుంది. ఎవరో ఒకరు సరే అంటే మిషన్లు ఆర్పేసి, గంట ఆగి డిస్కులు తుడిచేస్తుంది. అందులో ఎప్పుడూ ఉండేవి ఏదో పరీక్ష కోసం కట్టి మరిచిపోయినవే. రోజూ వచ్చే జాబితాను ఎవరు చదువుతారు? ఇవాళ నలభై ఒక్క పేర్లు వచ్చాయి. ముప్పై ఎనిమిదోది ట్రస్టుది.

పదకొండు రోజుల కిందట కుండపోత వానకు పాత సర్వర్ల గదిలోకి నీళ్ళొచ్చాయి. ఆ హడావుడిలో ఆమె దాదా, అంటే అన్న, అని పిలిచే సీనియర్ శంతను గాడగీళ్ ట్రస్టు మిషన్‌ను చేత్తోనే మరోచోట కట్టాడు. ఫైల్లో తర్వాత రాద్దామనుకున్నాడు. కొత్త మిషన్‌కు ఝాడూ పది రోజులు గడువిస్తుంది. అది నిన్నటితో తీరింది. ఫైల్లో లేని మిషన్‌కు నకళ్ళు కూడా తీయరు. ఉన్న ఒక్క నకలూ వానకు ముందుది. ఆ తర్వాత ఎవరు చేరారో, ఎవరి పరిస్థితి విషమించి వరుసలో ముందుకు జరిగారో ఆ డిస్కులో తప్ప ఎక్కడా లేదు.

ఝాడూ పట్టుకున్న మిషన్‌ను మళ్ళీ వెలిగించాలంటే ముందు ఝాడూను ఆపాలి. ఊడ్చడానికి ఒకరి మాట చాలు, ఆపడానికి మాత్రం ఇద్దరు కావాలి. ఒకప్పుడు ఎవరికి వాళ్ళు తమ మిషన్లను కాపాడుకోవడానికి దాన్ని ఆపేస్తుంటే చెత్త కొండలా పేరుకుపోయింది. మేనేజరు బాపట్ విసిగిపోయి ఈ నియమం పెట్టాడు. ఆపే అధికారం ఉన్నవాళ్ళు ముగ్గురే: బాపట్, శంతను, తను. బాపట్ ఇప్పుడు విమానంలో ఉన్నాడు. శంతను డోలు కొడుతున్నాడు. వినాయక చవితి రోజున పుణెలో సగం మంది ఇంజనీర్లు నడుముకు డోలు కట్టుకుని వీధిలోనే ఉంటారు.

ఎనిమిదిసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. లాప్‌టాప్ సంచిలో కుక్కుకుని పరుగెత్తింది.

లకడీ పూల్ మీద బళ్ళు ఆపేశారు. జనంలోంచి తోసుకుంటూ వంతెన దాటి అల్కా చౌక్ చేరేసరికి పది నలభై మూడు. నూట ఇరవై మంది డోలువాళ్ళు, అందరివీ తెల్ల కుర్తాలే, అందరివీ కాషాయం తలపాగాలే. వరుసల మధ్య దూరింది.

"ఏయ్! ఫోటోలు అటు పక్కనుంచి తీసుకో!" మెడలో ఈల వేలాడుతున్న ఒక పొడుగాటి ఆవిడ అడ్డం వచ్చింది.

"ఫోటో కాదు తాయీ, మనిషి కావాలి! శంతను!"

"శంతనులు నలుగురున్నారు. ఏ శంతను?"

"కంప్యూటర్ల శంతను!"

"నలుగురూ కంప్యూటర్లే!"

మృణ్మయికి ఏడుపొచ్చినంత పనైంది. "ఎప్పుడూ ఒక దెబ్బ ఆలస్యంగా కొడతాడు చూడండి, వాడు!"

"ఓ, ఆ మహానుభావుడా! మూడో వరుస, చిట్టచివర. తీసుకుపో, సాయంత్రం దాకా ఉంచుకో."

ఆమె వెనకనుంచి మోచేయి పట్టుకుంది. "దాదా, ట్రస్టు మిషన్ ఫైల్లో రాశావా?"

శంతను కర్ర గాల్లోనే ఆగిపోయింది. "రాద్దామనే..."

"ఝాడూ పట్టుకుంది. నేనే సరే అన్నాను, చదవకుండా. పదకొండూ ఐదుకు తుడిచేస్తుంది. పన్నెండింటికి వాళ్ళకు జాబితా కావాలి."

అతను డోలు విప్పి పక్కవాడి మీద పడేసి డోళ్ళు తెచ్చిన టెంపో దగ్గరికి ఉరికాడు. చెప్పుల గుట్ట కింద ఉన్న సంచిలోంచి ఫోన్ బయటపడింది. అంత జనంలో ఎవరి ఫోన్‌కూ సిగ్నల్ లేదు. పది యాభై ఒకటి.

ఎదురుగా ఒక పాత ఇల్లు. తలుపు మీద పలక: "బెల్లు ఒక్కసారే కొట్టండి. రావడానికి మాకు కాళ్ళే ఉన్నాయి, రెక్కలు లేవు." మృణ్మయి మూడుసార్లు కొట్టింది.

సన్నగా తలుపు తెరుచుకుంది. "చదవడం రాదా? చందా నిన్ననే ఇచ్చేశాం," అన్నాడొక ముసలాయన.

"చందా కాదు ఆజోబా, వైఫై కావాలి."

"ఇప్పుడు వైఫై కూడా వసూలు చేస్తున్నారా?"

ఆమె ఒక్క గుక్కలో చెప్పేసింది. కిడ్నీలు, జాబితా, ఇంకా పది నిమిషాలే ఉన్నాయని. ఆయన ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

"చెప్పులు బయట. పాస్‌వర్డ్ రాసుకోండి, మా ఆవిడ పుట్టినరోజు. గట్టిగా చదవకండి, నాకు గుర్తుందని తెలిస్తే ఇక ఆవిణ్ణి పట్టలేం."

పది యాభై ఎనిమిది. మృణ్మయి తన ఫోన్లో "ఆపు" నొక్కింది. శంతను ఫోన్ వేలిముద్ర అడిగింది. అతని వేళ్ళన్నిటికీ తెల్ల టేపు. పళ్ళతో పీకేశాడు. కింద బొబ్బలు. ఫోన్ ఆ వేలిని గుర్తుపట్టలేదు. రెండో వేలు. లేదు.

"ఎడమ చేయి!" అంది మృణ్మయి.

"ఎడమ చేయి ఎప్పుడూ పెట్టలేదు దానికి."

"అంకెలు కొట్టు దాదా, అంకెలు!"

"ఉండు, ఆ మోతకు బుర్రలో ఏమీ మిగల్లేదు." కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. ఆరంకెలు కొట్టాడు.

పదకొండూ రెండు. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు: తుడిచివేత రద్దయింది.

మృణ్మయి అక్కడే గచ్చు మీద కూర్చుంది. లాప్‌టాప్ తెరిచి మిషన్ వెలిగించింది. అది లేవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ శంతను ఆమె భుజం మీదుగా వంగి చూశాడు, ముసలాయన అతని భుజం మీదుగా చూశాడు, అసలేం జరుగుతోందో తెలియని ఆయన భార్య అందరి వెనకాల నిలబడి చూసింది.

జాబితా తెరుచుకుంది. మూడు వందల పన్నెండు పేర్లు, ఒక్కటీ పోలేదు.

"తాయీ, ఇప్పుడు చూడండి," అంది మృణ్మయి ఫోన్లో.

"వచ్చిందమ్మా. ఉండు, ముందు పిలవనీ." ఆవిడ ఫోన్ పెట్టేసింది.

"నన్ను తిట్టు మృణ్," అన్నాడు శంతను.

"తిట్టను. నేనూ చదవలేదుగా. ముందిది రాయి."

అతను గోడకు ఆనుకుని, బొబ్బల వేళ్ళతో ట్రస్టు మిషన్‌ను ఫైల్లో రాశాడు. ఏడు వరుసలు. పదకొండు రోజులుగా రాద్దామనుకున్న పనికి నాలుగు నిమిషాలు పట్టింది. మృణ్మయి ప్రతి వరుసా పైకి చదివి ఒప్పుకుంది. వెంటనే మొదటి నకలు కూడా తీయించింది. ముసలాయన భార్య అందరికీ మంచినీళ్ళు తెచ్చింది. చెంబు మొత్తం శంతను ఒక్కడే తాగేశాడు.

పదకొండున్నరకు నీలిమా తాయి మళ్ళీ ఫోన్ చేసింది.

"ఇద్దరూ దొరికారు. రెండో ఆమె మొన్ననే వరుసలో ముందుకు జరిగింది. పాత నకలు చూసి పిలిచి ఉంటే ఆమె వరుసలో ముప్పై మంది వెనక ఉండేది. ఇప్పుడు ఆటో ఎక్కేసింది."

"మొదటి ఆయన?"

"సాతారాలో బస్సు డ్రైవరు. విన్నాడు, ఫోన్ వాళ్ళావిడకు ఇచ్చాడు. ఆవిడ ఏమడిగిందో తెలుసా? నైవేద్యం పెట్టేశాను, ఆయన మోదకాలు తినొచ్చా కూడదా అని."

"మీరేమన్నారు?"

"వద్దన్నాను. ఆపరేషనయ్యాక తింటారు, దాచిపెట్టమన్నాను."

మృణ్మయి పకపకా నవ్వేసింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. శంతను ఏమైందంటూ చేయి ఊపుతుంటే, ఫోన్ అతని చెవికి ఆనించింది.