దుప్పటి మీద లెక్క

వారానికి అయిదు రోజులు ఆవిడ దినచర్య ఒకటే. పొద్దున ఆరింటికి ఆసుపత్రి లాండ్రీలో నాలుగో ఇస్త్రీ బల్ల, మధ్యాహ్నం రెండింటికి విశ్వవిద్యాలయంలో మూడో వరస కుర్చీ. మధ్యలో బస్సు. సీటు దొరికితే కూర్చుని చదువు, దొరక్కపోతే కమ్మీ పట్టుకుని చదువు. ఆవిడకి నలభై నాలుగేళ్లు, క్లాసులో మిగతావాళ్లకి పందొమ్మిదో ఇరవయ్యో. మొదటిరోజు ఆవిడ గదిలోకి అడుగు పెట్టగానే పిల్లలంతా లెక్చరరొచ్చిందనుకుని ఫోన్లు జేబుల్లో దాచేశారు. ఆవిడ వచ్చి వాళ్ల మధ్యే కూర్చునేసరికి ఫోన్లు మళ్లీ బయటికొచ్చాయి.

సొంత దేశంలో ఆవిడ పద్నాలుగేళ్లు లెక్కల టీచరు. భర్తకి ఇక్కడి బస్సు డిపోలో మెకానిక్ ఉద్యోగం వచ్చి, సంసారం మొత్తం మూటా ముల్లె సర్దుకుని దిగాక తెలిసింది, ఆవిడ మూడేళ్ల డిగ్రీని ఈ దేశంలో డిగ్రీగా లెక్క కట్టరని. ఇక్కడ పిల్లలకి కూడికలు చెప్పాలన్నా ఇక్కడి బ్యాచిలర్ డిగ్రీ కావాలి, అదీ మొదటి ఏడాది నుంచి. సరే కానీ అనుకుంది. తను చెప్పిన పాఠాల్నే మళ్లీ ఇంకొకరితో చెప్పించుకోవడానికి సిద్ధపడింది.

లెక్కల పేపర్లన్నీ కళ్లు మూసుకుని రాసేసింది. చిక్కంతా ఒక్కదాంతోనే వచ్చింది. 'చదువుకోవడం ఎలా' అని ఒక తప్పనిసరి పేపరుంది. రోజుని నాలుగు గళ్లుగా విభజించుకోవడం, వింటూ రాసే నోట్సుకీ చదువుతూ రాసే నోట్సుకీ అయిదు తేడాలు, చదువుకునే బల్ల ఎంత ఎత్తుండాలి, ఇలాంటివి అందులో ఉంటాయి. అది ఆవిడ రెండుసార్లు తప్పింది. మూడోసారి కూడా తప్పితే సీటు తీసేస్తారు. అదే ఏడాది అదే విశ్వవిద్యాలయంలో చేరిన కూతురు పుస్తకం సరిగ్గా తెరవకుండానే మొదటిసారే పాసైపోయింది.

"అందులో తప్పడానికేముందమ్మా?" అంది కూతురు, నిజంగానే అర్థంకాక.

"నాదేం లేదే. అంతా ఆ ఇస్త్రీపెట్టె చేస్తోంది" అంది తల్లి.

అది సాకు కాదు. ఆవిడ ముందురోజు చదివింది మర్నాడు వేడి ఇస్త్రీ కింద దుప్పట్ల మీదికి దిగిపోయేది. లేత నీలం రంగులో, గుండ్రటి చేతిరాతతో, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా. ఉతికితే పోయేది. అక్కడితో ఆగితే బాధ లేకపోను. దుప్పటి మీదికి దిగింది ఆవిడ బుర్రలోంచి కూడా దిగిపోయేది. పొద్దున ఇరవై దుప్పట్లు ఇస్త్రీ చేస్తే మధ్యాహ్నానికి అయిదు తేడాల్లో ఒక్కటి మిగిలితే గొప్ప. పద్నాలుగేళ్లు నోరు నొప్పెట్టేలా చెప్పిన లెక్కలు మాత్రం ఎన్ని దుప్పట్ల మీదికి దిగినా తరిగేవి కావు.

లాండ్రీలో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. పెద్ద దుప్పట్లన్నీ రోలరు మిషన్లోకి పోతాయి. పిల్లల వార్డు మంచాల దుప్పట్లు చిన్నవి, రోలరులో ముడుచుకుపోతాయి కాబట్టి వాటిని చేత్తో ఇస్త్రీ చెయ్యాలి, ఆ పని నాలుగో బల్లది. దుప్పట్లు తెల్లగా వెళ్లాలని రూలుందని సూపర్‌వైజరు ఒకసారి గొణిగాడు. ఉతికితే పోతుంది సార్ అంది ఆవిడ. పోయేదైతే సరే అని అతను తేదీ ముద్ర తీసుకుని రోజులాగే కట్టకి చీటీ గుద్దాడు. ప్రతి కట్టకీ ఒక అట్టముక్క చీటీ ఉంటుంది. దాని మీద తేదీ ముద్ర, ఇస్త్రీ చేసినవాళ్ల నంబరు, పైన వార్డులో కట్ట అందుకున్నవాళ్ల సంతకం. ఆవిడకి టీచరమ్మ అని పేరు పెట్టింది కూడా ఈ సూపర్‌వైజరే. వెక్కిరింతగానే పెట్టాడు గానీ, పిలవగా పిలవగా అందులో వెక్కిరింత అరిగిపోయింది.

మొదట్లో వార్డు నుంచి ఫిర్యాదులొచ్చాయి. హెడ్ నర్సు కిందికి దిగొచ్చి, "ఏం టీచరమ్మా, రోజూ సమయాన్ని గళ్లుగా విభజించుకోండి అనేనా? పిల్లలు నెలల తరబడి మంచం మీదే ఉంటారు. వాళ్ల దగ్గరున్నదే సమయం. ఇంకేమన్నా ఉంటే పంపకూడదూ" అంది. ఆవిడకి సిగ్గేసింది. ఆ రోజు నుంచి ఇస్త్రీ చేస్తున్నంతసేపూ పాత క్లాసుని మనసులో పెట్టుకుంది. దుప్పటి మీద కింద వరసలో ఆ దిక్కుమాలిన అయిదు తేడాలు ఎలాగూ దిగేవి, పైన మాత్రం భిన్నాలు, దశాంశాలు, రైళ్ల లెక్కలు వచ్చేవి. దుప్పట్లు ఉతుక్కి పోయేలోగా పిల్లలు వాటిని ఒక లావుపాటి నోటుపుస్తకంలోకి ఎక్కించుకునేవారు. ఏ పాఠం తరవాత ఏది వచ్చిందో తెలియాలని ప్రతి పేజీ నెత్తిన ఆ రోజు చీటీ అంటించేవారు. ఈ సంగతి ఆవిడకి తెలీదు. లాండ్రీవాళ్లు పై అంతస్తులకి వెళ్లకూడదు.

ఇక మూడో కిటికీ. విశ్వవిద్యాలయం ఆఫీసులో పాతిక కిటికీలున్నా, ఆవిడ ఏ పని మీద వెళ్లినా చివరికి మూడో కిటికీకే పొమ్మనేవారు. అక్కడి గుమాస్తా చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది. రెండోసారి తప్పిన రోజున అతనే దయతలచి ఒక రూలు చెప్పాడు. నూట ఎనభై రోజులు ఎక్కడైనా పాఠం చెప్పినట్టు రుజువుంటే 'చదువుకోవడం ఎలా' రాయక్కర్లేదట. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. మర్నాడే పాత హెడ్మాస్టరు ఇచ్చిన ఉత్తరం పట్టుకెళ్లింది.

గుమాస్తా దాన్ని రెండువైపులా చూశాడు. "ఇది ఉత్తరం మేడమ్. నాక్కావలసింది రోజులు."

"పద్నాలుగేళ్లని రాసుంది కదా సార్. అందులో నూట ఎనభై రోజులుండవా?"

"ఉండే ఉంటాయి. ఏయే రోజులో ఇందులో లేదు."

ప్రతి రోజుకీ తేదీ ఉండాలి, ముద్ర ఉండాలి, చెప్పినవాళ్ల నంబరుండాలి, పాఠం అందిన చోట ఒకళ్ల సంతకముండాలి. ఆవిడ పాత బడికి రాసింది. హెడ్మాస్టరు నుంచి నెలకి జవాబొచ్చింది. హాజరు రిజిస్టర్లని చెదలు తినేశాయనీ, ఆవిడ సేవలు మాత్రం మరువలేనివనీ. ఆ ఉత్తరం చదివి ఆవిడ వంటింట్లో గిన్నెలన్నీ, కడిగినవి కూడా, మళ్లీ కడిగింది. వాటి చప్పుడుకి భర్త ఏమీ అడక్కుండా బయటికెళ్లి పాలు తెచ్చాడు, పాలున్నా సరే.

మూడో పరీక్షకి వారం ఉందనగా ఆవిడ ఒక నిర్ణయానికొచ్చింది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసేసింది. చల్లటి ఇస్త్రీపెట్టెతో దుప్పట్లని చదును చేసినట్టు చేసి మడతపెట్టింది. అక్షరం దిగలేదు. అయిదు తేడాలూ బుర్రలో గట్టిగా కూర్చున్నాయి. బల్ల ఎత్తు కూడా గుర్తుంది. ముడతలున్నాయని సూపర్‌వైజరు సణిగితే, ఈ వారానికి క్షమించండి సార్, నా బతుకు దీనిమీదుంది అంది. అతను సణుగుతూనే ముద్ర గుద్దాడు.

పరీక్ష రోజు రానే వచ్చింది. పొద్దున పని, మధ్యాహ్నం రెండింటికి పరీక్ష. మాసిన బట్టల బుట్టలోంచి తీసిన ఒక దుప్పటికి పిన్నుతో కాగితం గుచ్చి ఉంది. పెన్సిల్ రాత, అక్షరాలు పెద్దవి.

'దుప్పటి టీచరు గారికి. పోయిన వారం తొట్టి లెక్క సగమే వచ్చింది. ఒక పంపు పన్నెండు గంటల్లో తొట్టి నింపుతుంది, ఇంకోటి ఇరవై నాలుగు గంటల్లో. రెండూ ఒకేసారి తిప్పితే ఎన్ని గంటలు? మిగతాది రాలేదు. ఆరు రోజుల నుంచి దుప్పట్లు ఖాళీగా వస్తున్నాయి. మీకు ఒంట్లో బాగాలేదా? నాకు కాలికి కట్టుంది, అందుకని కిందికి రాలేను.'

ఆవిడకి ఒళ్లు మండింది. ఆ పిల్ల మీద కాదు. ఆ పేపరు మీద, మూడో కిటికీ మీద, చెదల మీద, ఈ ఒక్క పూట ఆగలేకపోయిన కాగితం మీద. రేపు చెప్తే కొంప మునగదు అని పైకే అనుకుంది. ఒక దుప్పటి చల్లగా మడిచింది. రెండోది మడిచింది. లెక్క సగంలో వదిలేసి బెల్లు కొట్టగానే వెళ్లిపోయిన రోజు ఆవిడ పద్నాలుగేళ్లలో ఒక్కటీ లేదు. మూడో దుప్పటి తీసి, కాసేపు దాన్ని తిట్టి, ప్లగ్గు పెట్టింది.

వేడెక్కాక లెక్క దిగింది. ముందు ఒక్కో పంపు గంటకి తొట్టిలో ఎన్నో వంతు నింపుతుందో కట్టాలని, తరవాత ఆ రెండు భిన్నాల్నీ కలపాలని, వచ్చినదాన్ని తిరగేస్తే గంటలొస్తాయని. జవాబు కావాలనే రాయలేదు, అది పిల్లే చెయ్యాలి. దాని వెనకాలే, తలుపు తీసి పెడితే వీధిలోకి పరిగెత్తే కోడిపిల్లల్లా, ఆరు రోజులుగా కూడబెట్టిందంతా దుప్పట్ల మీదికి దూకేసింది. నాలుగు గళ్లు, అయిదు తేడాలు, బల్ల ఎత్తు, అన్నీ.

పరీక్షలో ఆవిడ పేరు, నంబరు రాసింది. మిగతా రెండున్నర గంటలూ గోడ గడియారం చూసింది. ఫలితం పదో రోజున వచ్చింది. గుర్తింపు కార్డు ఆ శుక్రవారంలోగా మూడో కిటికీలో అప్పగించాలని దాని కింద రాసుంది. ఇంట్లో చెప్పింది. కూతురు ఈసారి ఎలా తప్పావని అడగలేదు. నా కార్డుతో లైబ్రరీలోకి పోవచ్చులే అమ్మా అని మాత్రం అంది, ఆ మాటకి ఆవిడకి ఏడుపొచ్చింది.

లాండ్రీలో సూపర్‌వైజరు చెప్పాడో ఏమో, బుధవారం హెడ్ నర్సు నోటుపుస్తకం చంకలో పెట్టుకుని దిగింది. అన్ని రోజులు పాఠం చెప్పినావిడకి చదువుకోవడం రాదన్నదెవరని అడిగింది. రూలేమిటో తెలుసుకుని, పుస్తకం బల్లమీద పెట్టి తెరిచింది. పేజీకొక పాఠం, పాఠం నెత్తినొక చీటీ. తేదీ, ముద్ర, నాలుగో బల్ల నంబరు, వార్డు సంతకం. టీచరమ్మ ఒక్కో పేజీ తిప్పి చూసింది. తన గుండ్రటి రాతలో పోయిన పాఠాలు ఇక్కడ పదిరకాల పిల్లల రాతల్లో ఉన్నాయి.

మూడో కిటికీ గుమాస్తా దుప్పట్ల సంగతి అసలు అడగలేదు. ముద్ర స్పష్టంగా ఉందా, తేదీ చెరిగిందా అని మాత్రం చూశాడు. పరీక్ష రోజు దాటిన పేజీలు లెక్కకి రావని వదిలేసి, మిగతావి ఒక్కోటీ తిప్పుతూ పోయాడు. వెనక వరస పెరిగింది. చివరికి పెన్ను కింద పెట్టాడు.

"నూట డెబ్భై తొమ్మిది మేడమ్."

"నూట డెబ్భై తొమ్మిదికీ నూట ఎనభైకీ తేడా ఎంత సార్?"

"ఒకటి" అన్నాడు గుమాస్తా, నిజంగానే బాధపడుతూ.

ఆవిడ పుస్తకాన్ని చేతిలోకి లాక్కుంది. పరీక్ష రోజు పేజీలో తొట్టి లెక్క ఉంది. దాని నెత్తిన జిగురు మరక ఉంది, చీటీ లేదు.

ఆ రోజు ఆవిడ మొదటిసారి మెట్లెక్కి పిల్లల వార్డుకెళ్లింది. లాండ్రీవాళ్లు రాకూడదని ఎవరూ అనలేదు. కిటికీ పక్క మంచంలో, తొడదాకా కట్టుతో, పదేళ్ల పిల్ల కూర్చునుంది.

"మీరేనా దుప్పటి టీచరు?" అంది ఆ పిల్ల, కాస్త నిరాశగా. ఇంకొంచెం పొడుగ్గా ఉంటారనుకుందట.

చీటీ తన దగ్గరే ఉందని ఒప్పుకుంది. దిండు గలీబులోంచి తీసి ఇచ్చేముందు గట్టిగా పట్టుకుంది. "వెనకాల నా లెక్క చేసుకున్నాను. మళ్లీ తెచ్చివ్వాలి."

"రేపు పంపిస్తాను" అంది టీచరు. ఆఫీసు మూసేస్తారని పరుగు.

మూడో కిటికీ సగం దించి ఉంది. గుమాస్తా దాన్ని మళ్లీ పైకెత్తి, చీటీ అందుకుని, పరీక్ష రోజు తేదీనే కదా ఇది అని ఒకసారి ఆవిడ మొహం చూశాడు. నూట ఎనభై అని రాసి, సీటు తీసేసిన కాగితం మీద అడ్డంగా గీత గీసి, సంతకం పెట్టాడు. రెండో ఏడాది క్లాసులు సోమవారం నుంచి. ఆవిడ కార్డు ఆవిడ వైపే తోసేశాడు. ఆవిడ దాన్ని పట్టుకుని నిలబడింది. ఇన్ని నెలల విసుగులో మొదటిసారి ఆ మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది.

వెనకవైపు కూడా ముద్రుందేమోనని గుమాస్తా చీటీ తిప్పాడు. పెన్సిల్ అంకెలు కనపడ్డాయి. చదివాడు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివాడు. కిటికీ మూసే వేళ దాటిపోయింది.

"ఇదేమిటి మేడమ్? ఒక్క పంపే పన్నెండు గంటల్లో నింపేస్తుంటే, రెండూ కలిస్తే పద్దెనిమిది గంటలెందుకు పడుతుంది?"

ఆవిడ వంగి చూసింది. పన్నెండో వంతూ ఇరవై నాలుగో వంతూ కలపమంటే, పైనవీ కిందవీ కూడా కలిపేసింది పిల్ల.

"ఎనిమిది గంటలు సార్. అందరూ చేసే తప్పే" అంది టీచరు, చీటీ తీసుకుని జాగ్రత్తగా పర్సులో పెట్టుకుంటూ. "రేపటి దుప్పట్లో చెప్తాను."