అక్క కోళ్లు

దేముడమ్మ పోయిన నెలకి ఆమె భర్త గణపతిరావు ఇంటికి తాళం వేసి, గాజువాకలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ కోళ్లను తమ్ముడి భార్య అచ్చియ్యమ్మకు అప్పగించాడు.

"అమ్మేద్దారంటే సేతులు రానేదమ్మా. నువ్వయితే సూసుకుంటావు," అన్నాడు.

అచ్చియ్యమ్మకు దేముడమ్మ వరసకు తోటికోడలే గాని, అక్కకంటే ఎక్కువ. కాపురానికొచ్చిన కొత్తలో కట్టెల పొయ్యి రాజుకోక ఏడుస్తుంటే, అత్తగారి కంటపడకుండా వచ్చి అన్నం వార్చి వెళ్లిన మనిషి. దేముడమ్మ పోయిన రోజు సాయంత్రం గుండెనొప్పని చోడవరం ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్తుంటే, దారిలోనే అచ్చియ్యమ్మ ఒళ్లో కన్నుమూసింది. "కోళ్లు గూడెక్కేయో లేదో సూడనేదే," అన్నదే ఆఖరి మాట.

రెండిళ్లకూ మధ్య ఒక చెరుకుతోట. పగలంతా కోళ్లు అచ్చియ్యమ్మ పెరట్లోనే నూకలు తిని, పెంటకుప్ప కెలుక్కుంటూ తిరిగేవి. పొద్దు వాలేసరికి మాత్రం ఒకదాని వెనక ఒకటి గట్టు పట్టుకుని పాత ఇంటికి పోయేవి. అక్కడ అవి పడుకునే శాల తలుపు మూసి ఉండటంతో, అరుగు మీద ఒదిగి కూర్చునేవి. చీకటి పడితే కోడి కదలదు. అచ్చియ్యమ్మ గంప పట్టుకెళ్లి వాటిని ఒక్కొక్కటే అందుకుని తెచ్చుకునేది. తెచ్చే ముందు తనూ కాసేపు ఆ అరుగు మీద కూర్చునేది. ఎందుకింత ఆలస్యమని భర్త గౌరీశంకర్ అడిగితే, కోళ్లు దొరకలేదని చెప్పేది.

ఒకరోజు అనకాపల్లిలో చుట్టాలింటికి వెళ్లింది. తిరుగు బస్సు ఆలస్యమైంది. పరుగున వెళ్లేసరికి అరుగు నిండా ఈకలు. బావురుపిల్లి మూడు పెట్టల్ని ఎత్తుకుపోయింది. మిగిలినవి ఇంటి కప్పెక్కి అరుస్తున్నాయి. చావింట్లో కూడా అంతగా ఏడవని అచ్చియ్యమ్మ, ఆ ఈకలు కొంగులోకి ఏరుకుంటూ గట్టిగా ఏడ్చింది.

గౌరీశంకర్ కోప్పడలేదు. మన గూడు కిందికి ఉంది, అవి ఎత్తుకి అలవాటుపడ్డాయి అన్నాడు. "వదిన శాలలో కోళ్లెక్కే ఎదురుబొంగు ఉంది గదా, అది తెచ్చి మన శాలలో కడతాను. కొన్నాళ్లు బయటికి వదలకు."

"అదీ తీసేస్తే ఆ ఇంట్లో అక్కదంటూ ఏటుంటాది?"

"కోళ్లు అక్కవే గదే. అవైనా బతకాల గదా."

గణపతిరావుకి ఫోన్ చేసి అడిగారు.  పట్టుకెళ్లండి అన్నాడాయన.

బొంగు ఎత్తుగా కట్టి, కన్నాలకు వల కొట్టి, తలుపుకి గొళ్లెం బిగించాడు గౌరీశంకర్. నూకలూ నీళ్లూ లోపలే పెట్టారు. మొదట్లో పొద్దు వాలితే చాలు, కోళ్లు చెరుకుతోట వైపు వలను పొడిచేవి. రానురాను మానేశాయి.

వారం దాటాక ఒక ఉదయం తలుపు తీశారు. ఆ సాయంత్రం అచ్చియ్యమ్మ గట్టు మొదట్లో నిలబడి చూసింది. ఒక్క కోడీ అటు రాలేదు. కాసేపు పెరడంతా కెలికి, ఒకటొకటే శాలలోకి వెళ్లి బొంగెక్కాయి.

"ఇక నీకు తిరుగుడు తప్పింది," అన్నాడు గౌరీశంకర్ గొళ్లెం పెడుతూ.

ఆమె తలూపింది గాని, గట్టు మీంచి వెంటనే కదల్లేదు. మర్నాటి నుంచి అటు వెళ్లలేదు. ఆ ఇంటికి వెళ్లడానికి ఆమెకు ఏ పనీ మిగల్లేదు.