కొత్తకుంటలో సుక్కమ్మ ఓటు

కొత్తకుంట మత్స్య సహకార సంఘంలో సభ్యత్వం కావాలంటే గట్టుమీద నిలబడి వల విసిరి చూపించాలి. వల గుండ్రంగా విచ్చుకొని నీటిమీద పడితే సభ్యుడు. ముద్దగా పడితే మళ్లీ ఏడాది రావాలి. చేపలు పట్టడం తెలియనివాళ్లు పేరుకు సభ్యులై కుంటను కాంట్రాక్టరు పాలు చేయకుండా పెద్దలు పెట్టుకున్న నియమం అది. ఉద్దేశం మంచిదే. కానీ దాని ఫలితంగా, పట్టిన చేపను గంపకెత్తుకొని ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర అమ్మే, వల విసరడం రాని ఆడవాళ్లంతా సంఘానికి బయటే ఉండిపోయారు.

సుక్కమ్మ అట్లా బయట ఉన్న మనిషి. భర్త కాశయ్య బతికినన్నాళ్లు ఆయన వాటా చేపలు ఆమె అమ్మేది. ఆయన పోయాక వాటా ఆగింది. సభ్యత్వం రాకపోతే నగర శివారులోని బడంగ్‌పేట్‌కు వెళ్లి అపార్ట్‌మెంట్లలో పని వెతుక్కోవడం తప్ప ఆమెకు దారి లేదు.

నేను రాజనీతిశాస్త్రం చదివి, అదే బోధించి, ఉద్యోగ విరమణ తర్వాత ఇక్కడ స్థిరపడ్డాను. నా గుమ్మం ముందు ఆగి మాట్లాడే మనిషి సుక్కమ్మ ఒక్కతే. ఒకనాడు అరుగుమీద చేప కోస్తూ అడిగింది.

"పంతులమ్మా, కాలేజీల ఏం జెప్పేటిదానివి?"

"ప్రజాస్వామ్య సోషలిజం అని ఒకటి ఉంటది. అది చెప్పేదాన్ని."

"గదేంది?"

"కుంట ఎవరిది?"

"సంఘానిది."

"ఒక్క సేటుది కాదు గదా. పదిమందిని బతికించే ఆస్తి పదిమంది చేతుల్లో ఉండాలె. దాని మీద కష్టపడేటోళ్లే దాని సంగతి తేల్చుకోవాలె. బడి, దవాఖాన అసుంటివి పైసలున్నోళ్లకే అందుతే సరిపోదు, అందరికీ అందాలె. ఇదంతా బెదిరించి తెచ్చేది కాదు. నలుగురిని ఒప్పించి, ఓటుతోనే తేవాలె. ఓడిపోతే ఒప్పుకోవాలె, మళ్ల అడగాలె."

"మంచిగనే ఉన్నది. గిన్నేండ్లు పిల్లగాళ్లకు జెప్పినవ్. మా సంఘపోళ్లకు ఎన్నడన్న జెప్పినవా?"

ఆ మాట పట్టుకొని నేను సంఘం సమావేశానికి వెళ్లాను. అధ్యక్షుడు అమరేందర్ కుర్చీ వేయించి, మాట్లాడమన్నాడు. ఆస్తి ఉమ్మడిదైనంత మాత్రాన చాలదని, దానిమీద కష్టపడే ప్రతి ఒక్కరికీ ఓటు ఉండాలని చెప్పాను. చేప అమ్మడం కూడా చేపల పనే కాబట్టి సుక్కమ్మకు సభ్యత్వం ఇవ్వాలని కోరాను.

వెనక వరసలోంచి బాలేష్ అనే సభ్యుడు అన్నాడు: "వల మస్తుగ ఇసిరినవ్ మేడమ్. గని మేం చేపలం గాదు."

అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది.

చీటీలమీద రహస్యంగా ఓటు వేయించమని అడిగాను. అమరేందర్ ఒప్పుకోలేదు. "చీటీలెందుకు మేడమ్? అందరం అన్నదమ్ములమే. దాసుకునుడు ఏమున్నది?"

ఆ సంఘంలో ముందు పెద్దలు చెయ్యెత్తుతారు, వాళ్లను చూసి చిన్నవాళ్లు ఎత్తుతారు. పెద్దలు ఎత్తలేదు. ఓటేస్తామని సుక్కమ్మకు ముందే మాట ఇచ్చిన కుర్రవాళ్లు తండ్రుల వైపు చూశారు. చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి. సతీశ్ అనే అతను మాత్రం చెయ్యి సగందాకా లేపి, దానితో తల గోక్కున్నాడు.

సుక్కమ్మ బయట మెట్లమీద కూర్చొని ఉంది.

"ఓడిపోయినమా?"

"అవ్."

"ఒప్పుకోవాలె అంటివి."

"ఒప్పుకోవాలె. వచ్చే మహాసభల మళ్ల అడుగుదాం."

"అడుగుదాం. అందాక ఏం తినాలె పంతులమ్మా?"

"నా ఇంట్ల ఉండు."

"పనిమనిషి లెక్కనా?"

"కాదు."

"మరేం లెక్క?"

సాయం వేరు, హక్కు వేరు. ఆ తేడా చెప్పడమే నా వృత్తిగా ఉండేది. జవాబు చెప్పలేకపోయాను. ఆమె చీర దులుపుకొని లేచింది. ఆ వారమే బడంగ్‌పేట్ వెళ్లిపోయింది. ఆ తర్వాత నా ఇంట్లో టీవీ తప్ప మరో గొంతు వినిపించని రోజులు వచ్చాయి.

మహాసభ దగ్గరపడినప్పుడు అమరేందర్‌ను కలిసి సభ్యత్వం మాట మళ్లీ ఎత్తాను.

"ఇగ ఎవరి కోసం మేడమ్? అడిగిన మనిషే లేకపాయె."

"చేపలమ్మే ఆడోళ్లు ఇంకా ఉన్నరు గదా."

"వాళ్లెవరూ అడుగుతలేరు."

అతను అబద్ధం చెప్పలేదు. అడిగిన మనిషికి హక్కు దక్కలేదు. దక్కనందున ఊరు విడిచింది. ఆమె ఊరు విడవడం చూసి మిగిలినవాళ్లు అడగడం మానుకున్నారు. ఎవరూ అడగడం లేదన్నదే ఇప్పుడు నియమం మార్చకపోవడానికి కారణమైంది. దీన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి.

అక్కడినుంచి బస్టాండుకు నడిచాను. సుక్కమ్మ కూర్చునే చోట ఇప్పుడు సంతోషి అనే అమ్మాయి చేపల గంపతో కూర్చుంటోంది.

"సంఘంల సభ్యత్వం అడుగుతవా బిడ్డా?"

"సుక్కమ్మత్త అడిగింది గదా. ఏమొచ్చింది?"

"ఏం రాలే."

"మరి నన్నెందుకు అడుగుమంటున్నవ్?"

ఈసారి జవాబు ఉంది, కానీ అది పొడుగైనది. ఎవరో వచ్చి బొచ్చె చేప ధర అడుగుతున్నారు. గిరాకీ తగ్గేదాకా ఆమె పక్కనే నిలబడ్డాను.